ఆరుద్ర పురుగు కోసం అరవై వేల లెన్సా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది సిరోంచ. బడి చదువంత మరాఠీల అయింది, తెలుగు రాసుడు అమ్మ ఇంట్ల నేర్పింది, తప్పులుంటే ఏమనుకోకు. పెండ్లిళ్లకు, తొట్టెల ఫంక్షన్లకు ఫొటోలు తీస్త. కోఠిల సెకండ్‌హ్యాండ్‌ల కొన్న కెనాన్ 700డి ఉన్నది. దాంతోని వచ్చిన 18-55, 55-250 ఎస్‌టీఎం లెన్సులు రెండున్నయి. తొలకరికి ప్రాణహిత ఒడ్డుపొంటి ఆరుద్ర పురుగులు వస్తయి గద, వాటి ఒంటి మీది ముఖమల్ నూగు పోగు పోగు కనబడేటట్టు తియ్యాలని మూడేండ్ల సంది కోరిక. 100 ఎంఎం మాక్రో లెన్స్ కొత్తది అడిగితే అరవై వేలు దాటుతదన్నరు. చిట్టీ ఒకటి నడుస్తున్నది, ఇంక సగం కాలే. పాట పాడి ఎత్తుకొని కొందునా? మా ఇంటామె వద్దంటున్నది. ఆరుద్ర కార్తె రాకముందే చెప్పన్నా.
— సిరోంచ నుంచి ఒక తమ్ముడు

జవాబు: తమ్మీ, చిట్టీ పాడకు. మీ ఇంటామె చెప్పిందే సరి. నువ్వు అడిగింది లెన్స్ గురించే అయినా నీ మనసంతా ఆ పురుగు మీదే ఉందని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. దాన్ని తియ్యడానికి కావలసిన సరంజామాలో చాలా వరకు ఇప్పటికే నీ సంచిలో ఉంది. తక్కువ పడిన కొంచెం గురించి వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

ముందు ఇవాళ రాత్రి ఒక పని చెయ్యి. పిల్లల కంపాస్ బాక్సులో ఉండే స్కేలు తీసి బల్ల మీద పెట్టు. 18-55ను 55 దగ్గర పెట్టి, ఫోకస్ ఎంత దగ్గరికి అందుతుందో అంత దగ్గరికి జరిగి స్కేలును ఫొటో తియ్యి. ఫ్రేములో ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎన్ని మిల్లీమీటర్లు పడ్డాయో లెక్కపెట్టు. 62 దగ్గర రావాలి. నీ కెమెరా సెన్సర్, అంటే లోపల బొమ్మ పడే పలక, వెడల్పు 22.3 మిల్లీమీటర్లు. 62 మిల్లీమీటర్ల స్కేలు ముక్క 22 మిల్లీమీటర్ల సెన్సర్ మీద పడిందంటే 0.36 రెట్లు అన్నమాట. అలా కాక స్కేలు మీది 22 మిల్లీమీటర్లే ఫ్రేము నిండా వస్తే దాన్ని 1:1 అంటారు. ఉన్న వస్తువు ఉన్నంత సైజులోనే సెన్సర్ మీద పడటం. 100 ఎంఎం మాక్రో ఇచ్చేది ఇదే. నీ కిట్ లెన్స్‌కూ దానికీ మధ్య తేడా మూడు రెట్లు కూడా లేదు.

ఇప్పుడు పురుగును ఆ ఫ్రేములో ఊహించుకో. బాగా పెరిగిన ఆరుద్ర పురుగు చిటికెన వేలి గోరంత ఉంటుంది, ఒక సెంటీమీటరు అనుకుందాం. 1:1లో కూడా అది ఫ్రేములో సగం నిండదు. నువ్వు రాసినట్టు నూగు పోగు పోగుగా కనిపించాలంటే 1:1 దాటి 2:1 దాకా, అంటే ఉన్నదానికి రెట్టింపు సైజు దాకా వెళ్లాలి. అంటే అరవై వేలు పోసినా నీ కోరిక సగమే తీరుతుంది, ఆ లెన్స్‌కు మళ్లీ ఇంకేదో తగిలించాలి. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు, మనమూ అడగం.

అట్లని ఆ ధర అన్యాయమనడం లేదు. మామూలు లెన్స్‌ను దూరంగా ఉన్న మనిషికీ, చెట్టుకూ సరిపోయేలా దిద్దుతారు. బాగా దగ్గరికి తెస్తే ఆ దిద్దుబాటు చెదిరిపోతుంది. అంచులు మెత్తబడతాయి, గీతల పక్కన ఊదా రంగు, ఆకుపచ్చ రంగు విడిపోయి కనిపిస్తాయి. మాక్రో లెన్స్ మాత్రం గుట్టల నుంచి గడ్డిపోచ దాకా ఒకే తీరుగా చూడాలి. పైగా 100 ఎంఎం లెన్స్‌ను సాదాగా కడితే 1:1కు రావడానికి అది ఇంకో 100 మిల్లీమీటర్లు బయటికి సాగాలి. అలా సాగకుండా లోపలి గాజులే గుంపులు గుంపులుగా, ఒక్కో గుంపు ఒక్కో లెక్కన జరిగేలా కడతారు. కెనాన్ 50 ఎంఎం 1.8 ఎస్‌టీఎంలో ఉన్నవి 6 గాజులు, బరువు 160 గ్రాములు. అదే కంపెనీ 2009లో తెచ్చిన 100 ఎంఎం ఎల్ మాక్రోలో 15 గాజులు, బరువు 625 గ్రాములు. చేతిలో పట్టుకుంటేనే ధర తెలిసిపోతుంది.

కానీ ఆ డబ్బులో కొంత వణుకు ఆపే యంత్రానికీ, కొంత ఆటోఫోకస్ మోటారుకూ పోతుంది. వణుకు ఆపడం దూరం బొమ్మకు 4 స్టాపులు (ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం) ఉపయోగపడితే 1:1 దగ్గరికి వచ్చేసరికి 2 స్టాపులే అని కంపెనీ చెప్పే లెక్కే. ఇక అంత దగ్గర్లో ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుకుతూనే ఉంటుంది. చెయ్యి తిరిగినవాళ్లెవరైనా మాన్యువల్‌లో పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒంటిని గింజంత ముందుకీ వెనక్కీ ఊపుతూ తీస్తారు. నీకు సరిగ్గా అవసరమైన చోట ఆ రెండూ అంతగా అక్కరకు రావు.

నేను నిన్ను కొనమనేది ఒక చిన్న బిళ్ల. మా అమ్మ రామాయణం చదువుకునేటప్పుడు ప్లస్ రెండున్నర కళ్లద్దాలు పెట్టుకునేది. ఇదీ అదే జాతిది, పవరు మాత్రం ప్లస్ 8. క్లోజప్ లెన్స్ అంటారు. రేనాక్స్ డీసీఆర్-250 అనేది మూడు గాజులతో చేసినది, అందుకే రంగులు విడిపోవు. క్లిప్పులాంటి పట్టీతో 52 నుంచి 67 మిల్లీమీటర్ల దాకా ఏ లెన్స్ మూతికైనా తగులుకుంటుంది. నీ రెండు లెన్సుల మూతీ 58. ధర ఎప్పుడూ ఒకలా ఉండదు గానీ నీకు చెప్పిన అరవై వేలలో పదో వంతు అటూ ఇటూ అనుకో.

దాన్ని 18-55కు పెట్టకు, 55-250కే పెట్టు. కారణం చెప్తాను, లెక్క సులువే. 1000ని పవరుతో భాగిస్తే 125 వస్తుంది. లెన్స్‌ను దూరపు ఫోకస్‌లో పెట్టేస్తే, బిళ్ల నుంచి సుమారు 125 మిల్లీమీటర్లలో, అంటే సగం జానెడు కంటే కొంచెం ఎక్కువ దూరంలో ఉన్నది స్పష్టంగా పడుతుంది. ఎంత పెద్దగా పడుతుందో తెలియాలంటే జూమ్ మీద ఉన్న అంకెను 125తో భాగించు. జూమ్ 125 దగ్గర ఉంటే 1:1. 250 దగ్గర ఉంటే 2:1, అప్పుడు ఫ్రేము వెడల్పు 11 మిల్లీమీటర్లే, పురుగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండిపోతుంది. జూమ్ తిప్పుతుంటే దూరం మారకుండా పురుగు ఒక్కటే పెద్దదీ చిన్నదీ అవుతుంటుంది. 100 ఎంఎం మాక్రో కూడా 1:1 దగ్గర పురుగు నుంచి దాదాపు ఇంతే ఎడం ఇస్తుంది. ఈ ఎడం ముఖ్యం. నలభై మిల్లీమీటర్ల మాక్రో లెన్సులు చవగ్గా వస్తాయి కదా అని కొంటే, 1:1కు పురుగు నెత్తి మీదికి వెళ్లాల్సి వస్తుంది, నీ నీడ దాని మీద పడుతుంది.

లోటు కూడా చెప్పాలి. బిళ్ల తగిలించాక దూరంగా ఉన్నదేదీ ఫోకస్‌లోకి రాదు. మహారాష్ట్ర 2015లో రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించిన బ్లూ మార్మన్ నిమ్మచెట్టు దగ్గర వాలిందనుకో. రెక్కలు చాపితే 12 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. బిళ్ల తీసెయ్యి, ఒట్టి 55-250తో మీటరు పైన ఎడం నుంచి తియ్యి. ఆ పెట్టడం, తీయడం మధ్యలో కొన్ని ఎగిరిపోతాయి. అసలు మాక్రో లెన్స్ కొన్నవాళ్లకు ఆ ఇబ్బంది లేదు, వాళ్లు డబ్బు పెట్టింది ప్రధానంగా ఈ సౌకర్యానికే. నడిచే ఆరుద్ర పురుగుకు ఆ తొందర లేదు.

చేతిలో అంత కూడా లేకపోతే 58 మిల్లీమీటర్ల ఒంటి గాజు ప్లస్ 4 ఫిల్టర్ కొన్ని వందలకే దొరుకుతుంది. 1000ని 4తో భాగిస్తే 250. జూమ్ 250 దగ్గర పెడితే 1:1, పావు మీటరు ఎడం నుంచి. అంచుల్లో రంగు విడిపోతుంది, అపర్చర్‌ను, అంటే లెన్స్ లోపలి రంధ్రాన్ని, ఎఫ్/11కు మూస్తే చాలా వరకు సర్దుకుంటుంది. నేర్చుకోవడానికి బాగానే పనికొస్తుంది. నాలుగు ఫిల్టర్ల సెట్టులో వచ్చే ప్లస్ 10 జోలికి మాత్రం పోకు, దాంతో పడేది మసకే.

గొట్టాల గురించీ ఎవరో ఒకరు చెప్తారు. ఎక్స్‌టెన్షన్ ట్యూబులంటే గాజు లేని ఉత్త గొట్టాలు, కెమెరాకూ లెన్స్‌కూ మధ్య పెడతారు. గొట్టం పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో, అంటే లెన్స్ పేరులోని ఎంఎం అంకెతో, భాగిస్తే ఎంత పెరుగుతుందో వస్తుంది. 50 ఎంఎం లెన్స్‌కు 50 మిల్లీమీటర్ల గొట్టం పెడితే 1:1. అదే గొట్టాన్ని నీ 250 వెనక పెడితే పెరిగేది 0.2 రెట్లే. పొట్టి లెన్స్‌కు గొట్టం, పొడుగు లెన్స్‌కు బిళ్ల అని గుర్తుంచుకో. గొట్టంతో వెలుగు కూడా తగ్గుతుంది, 1:1 దగ్గర వచ్చేది నాలుగో వంతే. బిళ్లతో ఆ నష్టం లేదు. మూడు నాలుగు వందలకు దొరికే గొట్టాల్లో విద్యుత్ కాంటాక్టులు ఉండవు, కెమెరా నుంచి అపర్చర్ మూయలేవు. నీ దగ్గర 50 ఎంఎం లేదు కాబట్టి ఆ దారి ఇప్పుడు వద్దు. లెన్స్‌ను తిప్పి పెట్టే రివర్స్ రింగు కూడా అంతే. చవకే, కానీ పురుగుకు నాలుగైదు సెంటీమీటర్ల దాకా వంగాలి, లెన్స్ వెనక గాజు వానకూ మట్టికీ తెరిచి ఉంటుంది. నది ఒడ్డున బురదలో ఆ పని చెయ్యమని నిన్ను నేననలేను.

ఇక అసలైన విషయం వెలుగు.

పదేళ్ల కింద నేనూ చిట్టీ పాడాను తమ్మీ. పాటలో తొమ్మిది వేలు వదులుకొని, వాడిన మాక్రో లెన్స్ ఒకటి తెచ్చుకున్నాను. ఆ వానాకాలమంతా మా బల్లార్షా దగ్గర వర్ధా ఒడ్డున తూనీగలను తీశాను. ఆ ఫొటోలు ఇప్పుడు తెరిస్తే మనసు కలుక్కుమంటుంది. కళ్లు స్పష్టంగా ఉన్నాయి, లెన్స్ తన పని తాను చేసింది. కానీ ప్రతి తూనీగ నెత్తి మీదా ఫ్లాష్ కొట్టిన తెల్ల మచ్చ, వెనకంతా నల్లటి చీకటి. తరువాతి ఏడు ఒక బిస్కెట్ల అట్టపెట్టె చింపి డిఫ్యూజర్, అంటే ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే తొడుగు, చేసుకున్నాను. అదే లెన్స్, అదే ఒడ్డు, అవే తూనీగలు. రెక్కల్లోని ఒక్కో గడి మీద మెత్తగా మెరుపు వచ్చింది. అప్పుడు అర్థమైంది, నాకు ముందు కావలసింది ఆ అట్టపెట్టె అని.

నీ 700డి పైకి లేచే ఫ్లాష్ చాలు. కాకపోతే పొడుగు లెన్స్ అడ్డం వచ్చి దాని వెలుగు పురుగు దాకా చేరదు. అందుకని అట్టతో ఒక తూము చెయ్యి. ఒక కొస ఫ్లాష్‌కు సరిగ్గా తొడుక్కోవాలి, రెండో కొస లెన్స్ మూతి దాటి కొంచెం ముందుకు వచ్చి కిందికి వంగాలి. ఆ మూతి రెండు అరచేతులంత వెడల్పు ఉండనీ. లోపల రొట్టెలు చుట్టే వెండి కాగితం అంటించు. మూతికి బటర్ పేపర్ రెండు పొరలు, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో వేలెడంత ఖాళీ ఉంచి అంటించు. రబ్బరు బ్యాండ్లతో కట్టెయ్యి. ఖర్చు యాభై రూపాయలు దాటదు. వెలుగు ఎంత పెద్ద మూతి నుంచి, ఎంత దగ్గర నుంచి వస్తే నూగు మీద అంత మెత్తగా పడుతుంది.

కెమెరా ఎం మోడ్‌లో పెట్టు. షట్టర్ 1/200, అపర్చర్ ఎఫ్/11 నుంచి ఎఫ్/16 మధ్య, ఐఎస్ఓ 200 లేదా 400. ఫోకస్ మాన్యువల్. జూమ్ మొదట 125 దాటించకు. అక్కడ ఎఫ్/11లో స్పష్టంగా ఉండే మందం అర మిల్లీమీటరు కూడా రాదు. 250కి వెళ్తే మిల్లీమీటరులో పదో వంతు. ముందు అర మిల్లీమీటరును పట్టుకోవడం చేతికి అలవాటు కానీ. ఇప్పుడు రోహిణి కార్తె ఎండలకు బయటికి పోలేవు కదా, ఇంట్లోనే పప్పు డబ్బాలో పురుగులుంటే వాటి మీద, లేకపోతే కందిగింజ మీదున్న చిన్న తెల్ల మచ్చ మీద రోజూ వంద ఫొటోలు తియ్యి. పదిహేను రోజుల్లో నీకే తేడా తెలుస్తుంది.

ఎరుపు గురించి ఒక జాగ్రత్త. ఆ పురుగు ఎరుపు మామూలు ఎరుపు కాదు. కెమెరాలో ఎరుపు రంగు వాటా మిగతా రెండింటికంటే ముందే నిండిపోయి, నూగంతా ముద్దగా, కుంకుమ అద్దినట్టు పడుతుంది. స్క్రీన్ మీద చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే పోగు అనేదే ఉండదు. ఫొటో తీశాక ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (ఒక్కో రంగు వెలుగు ఎంత పడిందో చూపే గీతల బొమ్మ) తెరిచి ఎరుపు గీత కుడి గోడకు గుద్దుకుందేమో చూడు. గుద్దుకుంటే ఫ్లాష్‌ను ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించు. జేపెగ్ ఒక్కటే పెట్టుకోకు, రా (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) కూడా ఉంచు.

పురుగు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో నాకంటే నీకే బాగా తెలుసు. రాత్రి వాన పడి, తెల్లారి నేల మెత్తగా ఉండి, ఎండ ముదరకముందు. యూరియా సంచి నేల మీద పరిచి బోర్లా పడుకో. లెన్స్ కింద ఇసుక పోసి కుట్టిన చిన్న గుడ్డ సంచి పెట్టు, మోచేతులు నేలకు ఆనించు. పైనుంచి తీస్తే అది ఎర్రటి చుక్కలా ఉంటుంది. దాని ఎత్తుకు దిగి ముందు నుంచి తీస్తే, ముందరి కాళ్లు గాలిలోకి ఎత్తి తడుముకుంటూ నడుస్తుంటుంది, గుడ్డివాడు చేతికర్రతో దారి చూసుకున్నట్టు. కాళ్లు ఎనిమిది, సాలీడు చుట్టం అది. సీసాలో పెట్టి ఇంటికి తేవద్దు, ఫ్రిజ్‌లో పెట్టి మగతలో ఉండగా తీసేవాళ్లున్నారు, ఆ పని అసలే చెయ్యకు. చెదపురుగులను తినే జీవి, చేనుకు మంచిదే చేస్తుంది. మనం ఆరుద్ర పురుగంటాం, మీ బడిలో మృగాచా కిడా అనే ఉంటారు. మరాఠీవాళ్లకు మృగశిరలోనే కనబడుతుంది, మనకు ఆ తరువాతి ఆరుద్రలో. మీ ఊళ్లో రెండు పేర్లూ వాడతారు కాబట్టి నువ్వు జూన్ రెండో వారం నుంచే ఒడ్డు మీద కన్నేసి ఉంచు.

రెండు వానాకాలాలు ఇలా తీశాక కూడా బిళ్ల పెట్టీ తీసీ విసుగొస్తే, లేదా ఈ ఫొటోలకు డబ్బు రావడం మొదలైతే, అప్పుడు మాక్రో లెన్స్ కొను. అప్పుడు కూడా కొత్త ఎల్ లెన్స్ అక్కర్లేదు. వణుకు ఆపే యంత్రం లేని పాత 100 ఎంఎం కెనాన్ గానీ, టామ్రాన్ 90 గానీ వాడినది చూసుకో. రెండూ 1:1 ఇస్తాయి, ఫ్లాష్‌తో 1/200లో తీసేటప్పుడు వణుకు బాధ పెద్దగా ఉండదు. చిట్టీ ఆఖరు దాకా నడిపి పూర్తి మొత్తం చేతికి వచ్చాకే వెళ్లు.

వాడిన లెన్స్ కొనేటప్పుడు చిన్న టార్చి వెంట తీసుకుపో. రెండు మూతలూ తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి ఉండగా వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడు. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే అది బూజు. నేను చిట్టీ పాడి తెచ్చిన లెన్స్‌లో ఉంది. అమ్మినతను చెప్పలేదు, సంతోషంలో నేను టార్చి వెయ్యలేదు. శుభ్రం చేయించడానికి ఇచ్చిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కష్టమనిపిస్తుంది. నీ రెండు లెన్సులకూ ఇవాళే ఆ టార్చి పరీక్ష చెయ్యి, నది పక్క ఊరు మీది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే పెనం మీద సన్న సెగన వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచకు, తోలుకే ముందు బూజు పడుతుంది.

బిళ్లకు ఆర్డర్ పెట్టేముందు 55-250 మూత తీసి లోపలి వైపు చూడు. అక్కడ 58 అని ఉండాలి. ఉంటేనే పెట్టు.